పోపు వాసన రాని ఇల్లు

తోటలో తుప్పుపట్టిన మేకు గుచ్చుకుంటే మొన్న ఇంజక్షను కోసం అమలాపురం వెళ్ళాను. సూది వేసే పిల్లకి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. నా జాకెట్టు చెయ్యి పైకి మడిచి, దూదితో తుడవబోతూ ఆగిపోయింది. జబ్బ మీద అర్ధరూపాయి బిళ్ళంత గుంటమచ్చని వేలితో తడిమి, "ఇదేంటండీ మామ్మగారూ, చిన్నప్పుడు కాలిందాండీ?" అని అడిగింది. కాలలేదమ్మా, టీకా అన్నాను. "టీకాకి ఇంత మచ్చ పడిపోద్దాండీ?" అని జాలిపడింది. బల్ల మీద ఆ పిల్ల చదువుకుంటున్న లావుపాటి పుస్తకం బోర్లించి ఉంది. ఉద్యోగ పరీక్షల పుస్తకం. ప్రపంచ చరిత్రని మలుపు తిప్పిన సంఘటనలన్నీ వరసగా వేశారు అందులో. అడిగి తీసుకుని, పేజీలు తిప్పి, మశూచి భూమ్మీద లేకుండా పోయిందన్న ముక్క వెతికి చూపించాను. "ఓ, ఇదాండీ! ఇది బిట్టండీ. ఏ సంవత్సరమో అడుగుతారు. ఇది నాకొచ్చండీ" అని ఏడుపుగొట్టు పిల్లాడికి కబుర్లు చెప్పినట్టు ఆ సంవత్సరం గబగబా అప్పజెప్పి, నాకు తెలియకుండానే సూది వేసేసింది. చెయ్యి మంచిది.

యుద్ధాలకి అరపేజీ చొప్పున ఇచ్చారు. రాజులు, సంధులు, చంద్రుడి మీద కాలు పెట్టడం, ఏదో గోడ కూలడం, అన్నిటికీ బొమ్మలున్నాయి. మశూచికి ఒకటిన్నర లైను. నాకు కోపం రాలేదు గాని, బస్సులో ఇంటి దాకా ఆ ఒకటిన్నర లైనే మనసులో చదువుకుంటూ వచ్చాను. పుస్తకంలో మలుపు అంటే అక్కడ ఒక బాణం గుర్తు ఉంటుంది. ఆ మలుపులో బతుకుతున్నవాళ్ళకి అది మలుపని తెలియదు. భయం ఒక్కటే తెలుస్తుంది. ఆ ఒకటిన్నర లైను మా వెనక గదిలో పదకొండు రోజులు వేపమండ కింద పడుకుంది. తొమ్మిదేళ్ళ దాన్ని, నేను గుమ్మంలో నిలబడి దానికి కాపలా కాశాను, అబద్ధాలాడుతూ.

మా ఊరు మురమళ్ళకి దగ్గర. నాన్నగారు గుళ్ళో కల్యాణాలు చేయించే బ్రాహ్మల్లో ఒకరు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో జనం వచ్చి స్వామికి కల్యాణం చేయించుకుని, తలంబ్రాలు కొంగున కట్టుకుని వెళ్ళేవారు. ఇంట్లో అమ్మ, నేను, నాలుగేళ్ళ మా చెల్లెలు బుజ్జి, నాన్నగారి తల్లి మా మామ్మ. అటక మీద నీరు ఇగిరి ఎండిన కురిడీ కొబ్బరికాయలుండేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇల్లంతా ఆ కమ్మటి ముతక వాసన దిగేది. అంబాజీపేట లారీ వచ్చి పట్టుకుపోతే నాలుగు రోజులు ఇల్లు బోసిపోయినట్టుండేది. అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది మాత్రం పదకొండు గంటల వేళ పోపు. మా వీధిలో ఒక ఇంటి తరవాత ఒక ఇంట్లో చుయ్, చుయ్ మని పోపులు పడేవి. కళ్ళు మూసుకుని వీధిలో నడిస్తే ఎవరి గుమ్మం ముందున్నానో చెప్పగలిగేదాన్ని. పక్కింటి సీతమ్మ పిన్ని ఎండుమిరపకాయలు మాడ్చేస్తుంది. మా ఇంట్లో ఇంగువ ఎక్కువ. మామ్మకి ఇంగువ లేనిది ముద్ద దిగదు.

మామ్మ మొహం నిండా స్ఫోటకం మచ్చలు. సున్నిపిండి రాసుకుంటే మచ్చల్లో పిండి నిలిచిపోయేది. చిన్నప్పుడు ఒళ్ళో పడుకుని వాటిల్లో చిటికెనవేలు పెట్టి ఆడేదాన్ని. ఏమీ అనేది కాదు. ఆవిడ దేనికీ భయపడే మనిషి కాదు. తేలు కనబడితే చీపురుకట్టతో ఒక్కటేసి, వంటలోకి వెళ్ళిపోయేది. గోదావరి పోటెత్తి అరుగు దాకా వచ్చినా, "వచ్చినామె వెళ్తుందిలే" అని అప్పడాలు అటకెక్కించేది. కానీ అమ్మవారి మాటెత్తితే మాత్రం గొంతు తగ్గిపోయేది. ఆ రోగం పేరు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. నాన్నగారి కంటే ముందు మామ్మకో ఆడపిల్ల. కామేశ్వరి. తల్లికీ కూతురికీ ఒకేసారి పోసింది. సర్కారువాళ్ళు వచ్చి పిల్లని కాలవ అవతల పాకలోకి పట్టుకుపోయారుట. లేవలేని స్థితిలో ఉన్న తల్లి గడప దాటలేకపోయింది. మూడోనాడు గుడ్డలో చుట్టి కాలి వెండి కడియాలు తెచ్చి అరుగు మీద పెట్టారుట. ఇది మామ్మ చెప్పలేదు, అమ్మ చెప్పింది. ఆ కడియాలు దేవుడి పెట్టెలో ఉండేవి. బుజ్జి అసలు పేరు కూడా కామేశ్వరే.

ఆ యేడు బడిలో అందరికీ టీకాలు పొడిచారు. రెండు పళ్ళ సూదితో టకటకా పొడిచి పంపించేశారు. వాచిన జబ్బతో ఇంటికొస్తే మామ్మ నా చెయ్యి పట్టుకుని, పెరట్లో నూతి దగ్గర కూచోబెట్టి, నెత్తిన నీళ్ళు గుమ్మరిస్తూ ఏడిచింది. "ఆవిడ తనకి తానుగా రావాలి, తనకి తానుగా వెళ్ళాలి. సూదులతో పొడిచి పిలుస్తావుటే?" అంది. బుజ్జిని మాత్రం టీకాలవాళ్ళు వచ్చినప్పుడల్లా కురిడీల అటకెక్కించి దాచేసింది. నెల తిరక్కుండా బుజ్జికి జ్వరం వచ్చింది. మూడోరోజు ఒంటి మీద నీటిపొక్కులు లేచాయి. మామ్మ ఒక్కసారి చూసి, చీర చెంగు నోట్లో కుక్కుకుంది. తరవాత నా వైపు, నా జబ్బ వైపు చూసింది. నేను పొడిపించుకున్నందుకు అమ్మవారు బుజ్జి మీదికి వచ్చిందని నాకు అర్థమైపోయింది.

అమ్మవారు వచ్చిన ఇంటికి కట్టుబాట్లున్నాయి. పేరు ఎత్తకూడదు. తల దువ్వుకోకూడదు. పొక్కుల్ని లెక్కపెట్టకూడదు, వేలెత్తి చూపకూడదు, తేరిపార చూడకూడదు. చూస్తే ఆవిడ్ని నిలదీసినట్టు. పలచటి గుడ్డ కప్పి, పక్కన వేపమండలు పరిచి, మజ్జిగన్నం పెట్టి, దణ్ణం పెట్టుకుని ఇవతలికి వచ్చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, పోపు వెయ్యకూడదు. ఆ ఘాటు ఆవిడకి గిట్టదు. వీధిగుమ్మానికి వేపమండ కట్టాలి, నలుగురికీ తెలిసేలా. ఆ ఒక్కటి మాత్రం మామ్మ చెయ్యలేదు. కడితే టీకాలవాళ్ళకి తెలుస్తుంది. తెలిస్తే పాకకి పట్టుకుపోతారు. మండని వెనకగది తలుపుకి లోపలి వైపు కట్టింది. అమ్మవారికి అపచారం చేస్తున్నానని ఆవిడకి తెలుసు. కడుతూ లెంపలు వేసుకుంది. "నాలుగు రోజులు గుడికి మానేస్తానమ్మా" అన్నారు నాన్నగారు. "మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతార్రా. వెళ్ళు" అంది. ఆయన వెళ్ళారు.

ఆ రోజుల్లో ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో చెప్పలేను. చప్పిడి పప్పు, మజ్జిగ. పదకొండింటికి వీధంతా చుయ్ మంటుంటే మా ఇల్లు ఊపిరి బిగపట్టుకుని కూచున్నట్టుండేది. నాలుగోరోజున సీతమ్మ పిన్ని పిట్టగోడ మీంచి తొంగిచూసి, "ఏం అక్కయ్యా, నీ ఇంగువ వాసన లేకపోతే మా ఆయనకి అన్నం వేళైనట్టే తెలియట్లేదు" అంది నవ్వుతూ. ఇంగువ అయిపోయిందని అమ్మ అబద్ధమాడింది. ఆవిడ ఒక చిన్న పొట్లంలో ఇంగువ తెచ్చి గోడ మీద పెట్టింది. అమ్మ దాన్ని చూసిన చూపు నాకింకా గుర్తు. పాముని చూసినట్టు చూసింది.

ఆ మర్నాడే సూరిబాబు వచ్చాడు. టీకాల డిపార్టుమెంటు కుర్రాడు, అంతర్వేది వైపు పడవలవాళ్ళ ఇంటి బిడ్డ. సైకిలు మీద ఊరూరూ తిరిగి, ఇంటింటికీ ఒక కార్డు చూపించి, ఇలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగడం అతని పని. పిల్లలం ఆ కార్డంటే హడలి చచ్చేవాళ్ళం. దాని మీద ఒక పసిపిల్లాడి ఫొటో. మొహంలో చోటు లేదు, రెప్పల మీద కూడా పొక్కులే. అరుగు కింద నిలబడి ఆ కార్డు పైకెత్తి, "మామ్మగారండీ, ఇంట్లో పిల్లలంతా కులాసాయేనాండీ?" అన్నాడు. మామ్మ కార్డు వైపు చూడలేదు. తల పక్కకి తిప్పుకుని, "అంతా కులాసాయే బాబూ" అంది. అతను నా వైపు తిరిగేడు. "పాపా, మీ చెల్లేదమ్మా?" అన్నాడు. "రాజోలెళ్ళింది, మా అమ్మమ్మగారింటికి" అన్నాను.

అతను కోప్పడలేదు. మా వంటింటి వైపు గాలి పీల్చాడు. తరవాత మామ్మతో మెల్లిగా అన్నాడు: "ఆయ్, మీరు లేరంటే లేరనే అనుకుంటానండీ. కానీ ఒక్కమాటండీ. ఇది దేశంలో ఇంక ఎక్కడో ఒకటీ అరా మిగిలుంటదంటన్నారండీ. ఆ ఒకటీ అరా కూడా అయిపోతే ఇంక భూమ్మీదే ఉండదంటండీ. ఒక్క ఇంట్లో దాచేసేరనుకోండి, మళ్ళీ మొదటికొచ్చేస్తది. ఇన్నేళ్ళు ఇంతమంది తిరిగిందంతా గోదాట్లో కలిసిపోద్దండీ." కార్డు అరుగు మీద పెట్టి, పైన చిన్న రాయి ఉంచాడు. "ఇది ఇక్కడే ఉంచుతానండీ. రేపు ఇదే వేళకి వస్తాను" అని సైకిలెక్కాడు.

అంతకు ముందు నాకున్న భయం బుజ్జి చచ్చిపోతుందని. ఇప్పుడు దాని మీద ఇంకో భయం వచ్చి కూచుంది. ఆ వేళకి నాన్నగారు గుళ్ళో ఎవరి నెత్తినో అక్షింతలు వేస్తూ ఉంటారు. వాళ్ళు రేపు ఏలూరు వెళ్తారు, ఎల్లుండి హైదరాబాదు వెళ్తారు. బడిలో గోడకున్న ప్రపంచపటం కళ్ళముందుకొచ్చింది. ఆ పటంలో అన్ని దేశాల పిల్లల మొహాలూ కార్డు మీది మొహంలా అయిపోతున్నట్టు, అదంతా 'రాజోలెళ్ళింది' అన్న నా ఒక్క మాటతో మొదలైనట్టు అనిపించింది. నవ్వుతారేమో. ఇన్నేళ్ళ తరవాత లెక్కేసుకుంటే ఆ పిల్ల అనుకున్నదాంట్లో తప్పేం లేదు. నిజంగా అదే మశూచి అయివుంటే అలాగే మొదలయ్యేది.

అన్నాలయ్యాక మామ్మ సావిట్లో నడుం వాల్చింది. నేను అరుగు మీద కార్డు తీసి, పరికిణీలో దాచుకుని, వెనకగదిలోకి వెళ్ళాను. కప్పులో ఒక అద్దపు పెంకు ఉండేది. దాంట్లోంచి ఎండ సరిగ్గా బుజ్జి మంచం మీద పడుతోంది. వేపాకు వాసన, పుల్లటి జ్వరం వాసన. బుజ్జి నిద్రపోతోంది. గుడ్డ తీశాను. తేరిపార చూశాను. కళ్ళు పోతాయేమో అని ఒక కన్ను మూసుకుని చూశాను. కార్డులో పిల్లాడికి మొహం నిండా ఉన్నాయి. బుజ్జికి మొహాన పది ఉంటాయి, పొట్టా వీపూ నిండా ఉన్నాయి. అంటే లెక్క కూడా పెట్టేశాను. కార్డులో పిల్లాడు అరచెయ్యి చాపి ఉన్నాడు, అరచేతి నిండా పొక్కులు. బుజ్జి గుప్పిలి విప్పి చూశాను. ఏమీ లేవు. మెత్తగా, చెమటగా, మామూలు చెయ్యి.

వెనక మామ్మ నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి నా మీదకి లేచింది. జీవితంలో మొదటిసారి. నేను బుజ్జి చెయ్యి వదల్లేదు. "మామ్మా, అరచేతుల్లో లేవు" అన్నాను. లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "కాళ్ళు?" అంది. అరికాళ్ళు తిప్పి చూపించాను. అప్పుడు మామ్మ వంగింది. అన్ని రోజుల్లో మొదటిసారి ఆ పిల్లని చూసింది. ఎండలోకి తిప్పి, చేతులు, కాళ్ళు, చెవుల వెనక, అన్నీ తడిమి చూసింది. మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడింది. "దాని చెయ్యి పట్టుకుందామంటే చోటు లేదే సుబ్బులూ" అంది. "అరిచేతుల్లో కూడా చోటు లేదు." కామేశ్వరి గురించి ఆవిడ నాతో అన్న మాటలు ఇవే. మా ఊళ్ళో ఆ రోగాన్ని కళ్ళారా చూసి, ఒళ్ళారా పడి, బతికి ఉన్న మనిషి మా మామ్మ ఒక్కర్తే. చూస్తే గుర్తుపట్టగలిగింది ఆవిడొక్కర్తే. ఆవిడే చూడలేదు.

మర్నాడు సూరిబాబు వచ్చేసరికి మామ్మ అరుగు మీద కూచుని ఉంది. "అబద్ధం చెప్పాను నాయనా. లోపలికి రా" అంది. మడి కట్టుకునే మా ఇంట్లోకి అతను ఎప్పుడూ రాలేదు. చెప్పులు విప్పి, "పరవాలేదాండీ?" అని రెండుసార్లు అడిగి వచ్చాడు. మంచం దగ్గర కూచుని, బుజ్జిని ముట్టుకోకుండా కార్డూ బుజ్జి మొహమూ మార్చి మార్చి చూశాడు. "బొమ్మలోనే చూసేనండీ, మనిషి మీద ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. అప్పుడు మామ్మ అతని పక్కన కూచుని, బుజ్జి చెయ్యి అతని చేతిలో పెట్టి, ఎక్కడ చూడాలో, ఎలా చూడాలో చెప్పింది. "ఇది ఆటలమ్మ బాబూ. పెద్దావిడ కాదు. పెద్దావిడైతే ఇలా ఉండదు" అని తన మొహం వేలితో చూపించింది. అతను అయినా నమ్మకానికి రెండు పొక్కుల చెక్కులు తీసి సీసాలో వేసి పైకి పంపించాడు. జవాబొచ్చేదాకా ఎవరం గడప దాటకూడదన్నాడు. పాక మాట మామ్మే ఎత్తింది. "పాకలు ఇప్పుడు లేవండీ. ఇంట్లోనే ఉండొచ్చు" అంటే, ఆ మాట మామ్మ మూడుసార్లు చెప్పించుకుంది. అతను వెళ్తుంటే, "నీకెలా తెలిసింది?" అని అమ్మ అడిగింది. "పోపండీ. వంటేళకి చూసుకునే తిరుగుతానండీ నేను. మా వాడలో అయితే పులుసు కాగదండీ, మీ వీధిలో అయితే పోపు పడదు. కార్డు కంటే ముక్కే నయమండీ" అన్నాడు సిగ్గుపడుతూ.

జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. బుజ్జి ఎప్పుడో లేచి ఆడుకుంటోంది. మేం మాత్రం పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే గోడకి ఆనుకునేవాళ్ళం. అది కాదని జవాబు వచ్చింది. ఆ రోజు నాన్నగారు అరుగు మీద కూచుని ఏడిచారు. గుళ్ళో తన చేతుల మీదుగా తలంబ్రాలు పట్టుకెళ్ళినవాళ్ళ ఊళ్ళ పేర్లు ఆయన రోజూ రాత్రి మనసులో చెప్పుకునేవారని అమ్మ తరవాత చెప్పింది.

ఇప్పటి పిల్లలకి ఈ మచ్చ లేదు. మంచిదే, అది లేకపోవడం కోసమే కదా అంత తిరిగారు. కానీ మచ్చతో పాటు భయం కూడా మాయమైపోయి, బిట్టు ప్రశ్నగా మిగిలిపోతే నాకెందుకో దిగులు. మొన్నటి మహమ్మారి రోజుల్లో నాకు జ్వరమొచ్చి తగ్గాక, ఒకరోజు పొయ్యి మీద పోపు వేశాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి, ఇంగువ పొంగుతోంది, వాసన లేదు. మూకుడులో మొహం పెట్టినంత పని చేశాను. లేదు. గరిటె కింద పడేసి, తొమ్మిదేళ్ళ దానిలా గోడకి ఆనుకుని కూచుండిపోయాను. వెనకగదిలో ఎవరో వేపమండ కట్టినట్టే అనిపించింది. వాసన తిరిగిరావడానికి రెండు నెలలు పట్టింది. ఆ భయం మాత్రం పూర్తిగా పోలేదు.

బుజ్జి జబ్బు తరవాత కొన్నేళ్ళకి, నేను కాలేజీ సెలవులకి ఇంట్లో ఉండగా, రేడియో వార్తల్లో చెప్పారు. ప్రపంచంలో ఎక్కడా ఇంక మశూచి లేదని. మామ్మకి అప్పటికి చూపు బాగా తగ్గిపోయింది. "ఎక్కడా లేదుటే?" అంది. లేదుట మామ్మా అన్నాను. "సముద్రం అవతల?" అంది. అక్కడా లేదుట. మర్నాడు పొద్దున్నే అమ్మ చేత చలిమిడి, పెరుగన్నం చేయించి, అరిటాకులో పెట్టించుకుని, నా భుజం పట్టుకుని కాలవ దాటి అవతలి గట్టుకి నడిచింది. ఒకప్పుడు పాక ఉండేదన్న చోట అప్పటికి కొబ్బరి మొక్కలున్నాయి. ఆకు అక్కడ పెట్టించింది. పైన రెండు వేపరెమ్మలు వేసింది. మా వైపు ఎంత గిట్టనివాళ్ళయినా గడప దిగుతుంటే వెళ్ళు అనరు, వెళ్ళి రండి అంటారు. ఒక్క పాడె వెనకాల తప్ప. మామ్మ చేతులు జోడించి, "వెళ్ళు తల్లీ" అంది. నేను ఆ రెండో మాట కోసం చూశాను. ఆవిడ అనలేదు. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి నడిచింది.

గుమ్మంలో కాళ్ళు కడుక్కుని, వంటింటి వైపు మొహం తిప్పి గట్టిగా కేకేసింది: "ఏమే అమ్మాయ్, ఇంకా పోపెయ్యలేదా? ఇంగువ కాస్త ఎక్కువ పడెయ్యి. కాలవ దాకా రావాలి వాసన."